లిబ్రెఆఫీసు – సహకార సంఘములకు దాని యుపయోగము

మన గ్రామ సహకార సంఘముల కార్యాలయములలో నిప్పుడు కంప్యూటరు లేని చోటు అరుదు. పూర్వము కార్యదర్శి చిట్టా, ఆవర్జా, సభ్యుల వాటాధన పుస్తకము అను మూడు నాలుగు దళసరి పుస్తకములతో సంవత్సరమంతయు గడిపెడివాడు. ఇప్పుడు మహాసభ నోటీసు, తీర్మానముల ప్రతి, ఎరువుల నిలువ పట్టిక, వడ్ల కొనుగోలు కేంద్రమునకు ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చెనను జాబితా, ఇవన్నియు యంత్రము మీదనే తయారగుచున్నవి. ఈ పనులకు వాడబడు సాఫ్టువేరును గూర్చి మాత్రము సభ్యులు సాధారణముగా విచారింపరు. ఎరువు బస్తా వెల యెంత, లారీ కిరాయి యెంత అని మహాసభలో లేచి నిలిచి యడుగు రైతు, కంప్యూటరులోని వర్డునకును ఎక్సెలునకును సంఘము ఏటేట నెంత చెల్లించుచున్నది, లేక చెల్లింపకయే వాడుచున్నదా అని యడుగుట నేను చూడలేదు. అది యడుగదగిన ప్రశ్నయే యని తెలుపుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వర్డు, ఎక్సెలు అనునవి మైక్రోసాఫ్టు కంపెనీవారి వస్తువులు. మంచి వస్తువులే, వానిని నిందించుట నా యుద్దేశము కాదు. ఒకప్పుడు వీనిని ఒకసారి వెలయిచ్చి కొనినచో ఆ యంత్రమున్నంత కాలము వాడుకొనుచుండెడివారు. ఇప్పటికిని అట్టి విక్రయము కొంత కలదు గాని, కంపెనీవారు ముందునకు తెచ్చుచున్నది చందా పద్ధతి. గడువు దాటి చందా చెల్లింపనిచో పాత ఫైలును తెరచి చూడవచ్చును, అచ్చు తీయవచ్చును. దానిలో నొక్క అంకె మార్చుటకు గాని, క్రొత్త ఫైలు వ్రాయుటకు గాని వీలుండదు. కోతలు ముగిసి కొనుగోలు కేంద్రము ముందు ట్రాక్టర్లు బారులు తీరిన దినముననే గడువు ముగిసినదనుకొనుడు. రైతు పేరు జాబితా కెక్కదు. తూకము చీటిని చేతితో వ్రాసి యిచ్చి, ‘తరువాత నెక్కింతము’ అందురు. ఆ తరువాత నెక్కించుటలోనే బస్తాల లెక్క తగ్గుట, ఒకరి పేరు మరియొకరి ఖాతాలో పడుట సంభవించును. నష్టపడునది కంప్యూటరు కాదు, రైతు.

ఈ విషయము విత్తనముల పోలికచే మనకు సులభముగా బోధపడును. మొక్కజొన్నలో మనము సంకర విత్తనము వేయుదుము. దిగుబడి మంచిది, కాని ఆ పంట గింజనే మరుసటి యేడు విత్తినచో మొదటి గుణము నిలువదు. కావున ఏటేట అంగడికి పోవలసినదే, అంగడివాడు చెప్పిన వెల యీయవలసినదే. వరిలో తెలంగాణ సోన వంటి సూటి రకము వేసిన రైతు, కల్లములో మంచి గింజ నేరి, ఎండబెట్టి, గుమ్మిలో దాచి, మరుసటి వానాకాలమున విత్తుకొనును. అడిగిన పొరుగువానికి నాలుగు కుంచములు పెట్టును. 2001వ సంవత్సరపు మొక్కల రకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టపు 39వ సెక్షను ఈ హక్కును స్పష్టముగా రైతున కిచ్చుచున్నది. సాఫ్టువేరులోను ఇట్టి రెండు జాతులు కలవు. మొదటి జాతిలో వాడుకొను అనుమతి మాత్రము మనది. లోపలి నిర్మాణము కంపెనీ తాళములో నుండును. ఒక ప్రతి పొరుగు సంఘమున కిచ్చిన నేరము. రెండవ జాతిలో వాడుకొనుట, లోపలి నిర్మాణమును చదువుట, ఇతరులకు ప్రతులిచ్చుట, మన యవసరమునకు దగినట్లు మార్చుకొని ఆ మార్చినదానిని పంచుట, ఈ నాలుగు హక్కులును లైసెన్సు పత్రములోనే వ్రాసియిచ్చెదరు. అమెరికా దేశమున రిచర్డు స్టాల్మన్ అనునాయన 1983లో ఈ యుద్యమమును ఆరంభించెను. దీనిని ‘స్వేచ్ఛా సాఫ్టువేరు’ అందురు. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ యను పేరనే ఒక సంస్థ యేర్పడి తెలుగువారి నడుమ ఈ పని చేయుచున్నది.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలెను. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. సంతలో కంపెనీవాడు ఉచితముగా నిచ్చు పాకెట్టు విత్తనము ఒక్క కారునకు మాత్రమే. మరుసటి కారునకు వెల యుండును. క్రొత్త కంప్యూటరుతో నెల దినముల పాటు ఉచితముగా వచ్చు సాఫ్టువేరును అట్టిదే. స్వేచ్ఛా సాఫ్టువేరు చాలవరకు వెల లేకయే దొరకును గాని, దాని ముఖ్యగుణము వెల లేకుండుట కాదు, దానిని తిరిగి యెవరును మనవద్దనుండి లాగుకొనజాలకుండుట.

ఈ జాతిలో కార్యాలయపు పనులకు ప్రసిద్ధమైనది లిబ్రెఆఫీసు. దీని వంశవృక్షము కొంత చిత్రమైనది. 1985లో జర్మనీ దేశమున మార్కో బోరీస్ అను యువకుడు స్టార్ డివిజన్ అను కంపెనీ స్థాపించెను. దాని స్టారాఫీసు అను వస్తువును 1999లో అమెరికావారి సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ కొని, 2000 అక్టోబరులో దాని లోపలి నిర్మాణమంతయు లోకమునకు వెల్లడిచేసెను. అప్పుడు దానికి ఓపెనాఫీస్ అను పేరు వచ్చినది. 2010 జనవరిలో ఒరాకిల్ అను మరియొక పెద్ద కంపెనీ సన్ కంపెనీనే కొనివేసెను. క్రొత్త యజమాని యేమి చేయునో యని సందేహించి, దానిపై పని చేయుచుండినవారిలో పలువురు 2010 సెప్టెంబరు 28వ తేదీన ‘డాక్యుమెంట్ ఫౌండేషను’ను ప్రకటించి, అదే నిర్మాణమును తీసికొని లిబ్రెఆఫీసు అను పేర కొనసాగించిరి. మొదటి ప్రతి 2011 జనవరిలో వెలువడినది. యజమాని మారినను వస్తువు నిలిచినదేమనిన, విత్తనము అప్పటికే అందరి గుమ్ములలోను ఉన్నది. అంగడి మూసినను, చేతులు మారినను సేద్యము ఆగదు. పాత లైసెన్సు పత్రములోని నాలుగు హక్కులు కాగితము మీది మాటలు కావని రుజువైనది ఆనాడే.

‘ఊరక యిచ్చువానికి లాభమేమి?’ అని నన్ను రైతులు అడుగుదురు. అడుగుట న్యాయమే, ఊరక వచ్చిన దానిని శంకించుట మన వృత్తి నేర్పిన గుణము. దీని సమాధానము సహకారులకు క్రొత్తది కాదు. డాక్యుమెంట్ ఫౌండేషను జర్మనీ చట్టము ననుసరించి 2012లో బెర్లినులో రిజిస్టరైన ధర్మసంస్థ. పనిచేసి తోడ్పడినవారు సభ్యులగుదురు. సభ్యులు పాలకమండలి నెన్నుకొందురు. ఒకే కంపెనీవారు మండలిని ఆక్రమింపకుండ పరిమితి కలదు. వాడుకొనువారు పంపు విరాళములచేత ఖర్చులు జరుగును. కొలాబొరా వంటి కొన్ని కంపెనీలు పెద్ద కార్యాలయములకు మరమ్మతు, శిక్షణ మొదలగు సేవలమ్మి ధనము గడించుచు, తాము చేసిన మెరుగులను ఉమ్మడి గుమ్మిలో వేయును. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేలున ఇరువదియెనిమిదిమంది పనివారు చిన్న దుకాణము తెరచి ఆరంభించిన పద్ధతికిని దీనికిని పోలిక కలదని నాకు తోచును. పూర్తిగా ఒకటే యనను.

ఇక చట్టపు మాట. కామారెడ్డి మొదలుకొని ఏ పట్టణమున చూచినను, కంప్యూటరు బాగుచేయించినప్పుడు అడుగకుండగనే వర్డును ఎక్సెలును ‘వేసి’ యిచ్చువారు కనబడుదురు. లైసెన్సు లేని యా ప్రతిని తెలిసియు వాడుట 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 63-బి సెక్షను క్రింద నేరము. ఏడు దినములకు తక్కువకాని, మూడేండ్ల వరకును విధింపదగిన ఖైదు, 50,000 రూపాయలకు తక్కువకాని, 2,00,000 వరకును జరిమానా అందు చెప్పబడినవి. వ్యాపారము కొరకు కాని, లాభము కొరకు కాని వాడలేదని రుజువైనచో కోర్టువారు ఖైదు విధింపకయు, జరిమానాను 50,000 లోపున తగ్గించియు విడువవచ్చును. కాని ఎరువులమ్ము సంఘము వ్యాపారము చేయలేదని చెప్పగలదా? దొంగప్రతులకు ఇంకొక దోషమును కలదు. తాళము పగులగొట్టుటకు వాడు చిన్న ప్రోగ్రాములతో కూడ వైరసులు ప్రవేశించి, ఫైళ్లన్నియు పాడుచేయుట, లేక బిగించి డబ్బడుగుట జరుగుచున్నది. సభ్యుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు ఉన్న యంత్రమున ఇట్టిది ప్రవేశించినచో కార్యదర్శి యొక్కడే కాదు, పాలకవర్గమంతయు జవాబు చెప్పవలసియుండును.

లిబ్రెఆఫీసులో ఉత్తరములు, నోటీసులు వ్రాయుటకు రైటర్, పట్టికలకు లెక్కలకు కాల్క్, సభలలో తెరమీద చూపుటకు ఇంప్రెస్ అను భాగములున్నవి. బొమ్మలు గీయుటకు డ్రా, సమాచార భాండాగారములకు బేస్, గణిత సూత్రములకు మ్యాథ్ కూడ కలవు గాని గ్రామ సంఘమునకు మొదటి రెండే ముఖ్యము. నా దృష్టిలో కాల్క్ ఒక్కటియే చాలును.

వడ్ల కొనుగోలు జాబితా తీసికొందము. ఒక్కొక్క రైతున కొక్కొక్క వరుస. సభ్యత్వ సంఖ్య, పేరు, గ్రామము, బస్తాలు, బరువు, తేమ శాతము, తరుగు, ధర, మొత్తము అని నిలువు గడులు. లింగంపేట వైపు రైతొకడు 62 బస్తాలు, బస్తాకు 40 కిలోల చొప్పున తెచ్చెననుకొనుడు. 62 అని వ్రాసినంతనే బరువు గడిలో 24 క్వింటాళ్ల 80 కిలోలు తానే వచ్చును. 2025–26 సంవత్సరమునకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలునకు 2,389 రూపాయలు గనుక మొత్తము గడిలో 59,247 రూపాయల 20 పైసలు అని పడును. బస్తాలు 62 కావు 61 అని తేలినచో ఒక్క అంకె దిద్దిన చాలును. బరువు, సొమ్ము, ఆ గ్రామపు మొత్తము, ఆ దినపు మొత్తము అన్నియు తామే దిద్దుకొనును. తేమ 17 శాతమునకు మించిన గడి ఎర్రబడునట్లు ముందుగా నియమము పెట్టవచ్చును. తరుగునకు ప్రత్యేకముగా ఒక గడి యుంచుట మిక్కిలి యవసరమని నేను గట్టిగా చెప్పుదును. మన జిల్లాలో కొనుగోలు కాలమున కలతలన్నియు ఆ తరుగు దగ్గరనే పుట్టుచున్నవి. ఎవరి బస్తా నుండి ఎంత, ఏ కారణమున తీసిరో వ్రాసియున్నచో సగము కలత అక్కడనే యడగును. జాబితాను పీడీఎఫ్‌గా మార్చుటకు మీట అందులోనే యున్నది. దానిని సభ్యుల ఫోనులకు పంపవచ్చును.

ఈ ఫైలును దాచు రూపమును గూర్చి కొంత తెలిసికొనవలెను. లిబ్రెఆఫీసు తన స్వంత రూపముగా ‘ఓపెన్ డాక్యుమెంట్’ అను దానిని వాడును. ఇది 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. దీని వ్రాతమర్మము దాచబడినది కాదు. ఏ ఊరివాడైనను, ఏ కంపెనీయైనను ఆ ప్రమాణమును చదివి దీనిని తెరచు పనిముట్టు తయారుచేయవచ్చును. మైక్రోసాఫ్టు వారి యిటీవలి వర్డును ఎక్సెలును కూడ దీనిని తెరచును. మనము ఇరువదియేండ్ల క్రిందటి తీర్మానమును, లేక వాటాధనపు లెక్కను వెదకవలసివచ్చిన దినమున ఈ గుణము విలువ తెలియును. సంఘపు రికార్డు సభ్యుల సొత్తు. ఏదో యొక కంపెనీ చందా కట్టిననే తప్ప దిద్దుటకు వీలులేని రూపమున దానిని దాచుట, ఊరి గుమ్మి తాళపుచెవిని పరదేశి చేతికిచ్చుట వంటిది. ఐనను, నిజామాబాదు జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు గాని, ప్రభుత్వ శాఖలకు గాని పంపు పట్టికలను వారడిగిన ఎక్సెలు రూపముననే పంపవలెను. కాల్క్ ఆ రూపమునను దాచగలదు. ‘సేవ్ యాజ్’ అనుచోట ఎంచుకొనిన చాలును.

తెలుగు వ్రాత విషయము వేరుగా చెప్పదగినది. మన డీటీపీ అంగళ్లలో చాలకాలముగా అను ఫాంట్ల వంటి పాత పద్ధతి ఫాంట్లు నడచుచున్నవి. వీనిలో తెలుగక్షరము కంటికి మాత్రమే తెలుగు. కంప్యూటరు లోపల అది ఇంగ్లీషు అక్షరముల సంఖ్యగానే యుండును. ఆ ఫాంటు లేని యంత్రమున నోటీసును తెరచినచో అర్థము లేని గుర్తుల వరుస కనబడును. పేర్లను అకారాది క్రమమున పేర్చుమనిన పేర్చలేదు, ఫలానా రైతు పేరు వెదకుమనిన వెదకలేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగక్షరములకు స్వంత సంఖ్యలు కేటాయింపబడినవి. యూనికోడులో వ్రాసినది ఏ యంత్రమునను, ఫోనునను తెలుగుగనే యుండును. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు రూపొందించి ఉచితముగా నిచ్చిన పోతన, వేమన ఫాంట్లును, సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడిన మండలి, గిడుగు, గురజాడ, రామభద్ర, సురవరము మొదలగునవియు స్వేచ్ఛగా దొరకుచున్నవి. మహాసభ నోటీసునకు మండలి ముచ్చటగా నుండును. గోలకొండ పత్రిక నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారి పేర నొక ఫాంటుండుట మన ప్రాంతమువారికి సంతోషకరమే.

లిబ్రెఆఫీసులో తెలుగు సరిగా నడచుటకు సెట్టింగులలోని భాషల భాగమున ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ అను పేరుగల పెట్టెలో గుర్తుపెట్టి, తెలుగు నెంచుకొనవలెను. ఇది చేయక పలువురు ‘తెలుగు ఫాంటు మారుటలేదు’ అని విసిగి మానివేయుదురు. మీటల పేర్లు కూడ తెలుగులో కావలెననిన భాషాపొది దొరకును. కాని అన్ని మాటలును తెలిగింపబడలేదు, కొన్ని తెలిగింపులు ఇంగ్లీషు కంటె కఠినముగా నున్నవి. కార్యదర్శులు ఇంగ్లీషు మీటలకే అలవాటుపడి యుందురు గనుక వ్రాత తెలుగున, మీటలు ఇంగ్లీషున ఉంచుటయే సుఖమని నా యభిప్రాయము. అక్షరదోషములు చూపు తెలుగు నిఘంటువు మన విభక్తులు చేరిన పదముల కెన్నింటికో ఎర్రగీత పెట్టును. దానిని చూచి భయపడనక్కరలేదు.

లోపములను దాచుట ప్రదర్శకుని ధర్మము కాదు. ఎక్సెలులో ‘మాక్రో’ అను చిన్న ప్రోగ్రాములు కూర్చిన పట్టికలు కాల్క్‌లో తరచుగా సరిగా నడువవు. వర్డులో అలంకారముగా తయారుచేసిన ఫారము రైటర్‌లో తెరచినపుడు గళ్లు కొంచెము జరుగును. ఇది ట్యాలీ వంటి పద్దుల సాఫ్టువేరునకు బదులు కాదు. ప్రాథమిక సహకార సంఘముల కంప్యూటరీకరణ పథకమును కేంద్రప్రభుత్వము 2022 జూన్ 29న 63,000 సంఘముల కొరకు 2,516 కోట్ల రూపాయలతో మంజూరు చేసినది; ఆ పథకపు ఉమ్మడి సాఫ్టువేరు అప్పుల ఖాతాలు మొదలగు సంఘపు పద్దులకు ఉద్దేశింపబడినది. దానిని తీసివేయుమని నేను చెప్పుటలేదు. దాని ప్రక్కన మిగిలిన వ్రాతకోతలకే లిబ్రెఆఫీసు.

ఇతర దేశములవారి అనుభవమును రెండు విధములుగను ఉన్నది. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలకులు 2003లో స్వేచ్ఛా సాఫ్టువేరునకు మారుటకు నిశ్చయించి, పెక్కేండ్లు నడపి, 2017లో తిరిగి మైక్రోసాఫ్టు వైపు మరలుటకు తీర్మానించిరి. అదే దేశమున ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రమువారు 2024లో సుమారు 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీసునకు మార్చుదుమని ప్రకటించిరి. ఇటలీ రక్షణశాఖ 2015లో లక్షన్నర యంత్రముల విషయమున ఇట్లే ప్రకటించెను. మనకు దగ్గరగా కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు లినక్సు మీదనే, లిబ్రెఆఫీసుతోనే నేర్చుకొనుచున్నారు. పెద్దల కంటె పిల్లలు త్వరగా నేర్తురు గనుక, సంఘములో ఎవరికిని చేతగాకపోయిన సభ్యుల యిండ్లలోని కాలేజీ విద్యార్థులను పిలుచుకొనవచ్చును.

ఎకరమంతయు క్రొత్తరకము వేయక ముందు రెండు గుంటలలో వేసి చూచుట మన పద్ధతి. ఇచ్చటను అదే మంచిది. లిబ్రెఆఫీసును వేసికొనుటకు వర్డును తీసివేయనక్కరలేదు. ఒకే యంత్రములో రెండును ఉండగలవు. ఒక నెల ఎరువుల నిలువ పట్టికను మాత్రము కాల్క్‌లో వ్రాసి, పాతదానితో సరిచూచుకొనుడు. దానిని లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్ అను స్థలమునుండియే దించుకొనవలెను. ఆ పేరును పోలిన ఇతర స్థలములు నమ్మదగినవి కావు. పరిమాణము సుమారు 350 మెగాబైట్లు. నెట్టు మందముగా నుండు ఎల్లారెడ్డి, గాంధారి వైపు గ్రామములవారు కామారెడ్డిలో నెవరిచేతనైనను ఒకసారి దింపించి పెన్‌డ్రైవులో తెచ్చుకొనినచో పది సంఘములకు చాలును. ఇట్లు ప్రతులు పంచుట దీని విషయమున నేరము కాదు.

విండోసు 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. ఆ పాత యంత్రములు విండోసు 11నకు పనికిరావని పారవేయబోవు సంఘములు, వానిలో లినక్సు వేసి, దానితోపాటే వచ్చు లిబ్రెఆఫీసుతో ఉత్తరములకు పట్టికలకు ఇంకను కొన్నేండ్లు వాడవచ్చును. మార్చుటకు ముందు ఫైళ్లన్నిటిని రెండు వేరువేరు పెన్‌డ్రైవులకు ఎత్తి, ఒకటి కార్యదర్శి వద్దను, రెండవది అధ్యక్షుని యింటను ఉంచవలెను.